మిషన్ల మీద చేతులు

నవ్వుతూ పని చెప్పే పెద్దమనుషులంటే నాకు చిన్నప్పటి నుంచీ అనుమానమే. ఎవరైనా తియ్యగా పలకరిస్తే చాలు, నా కళ్లు వాళ్ల మొహాన్ని వదిలి చేతుల మీదికి పోతాయి. మా ఆయన ఆటో నడుపుతాడు, రోజంతా మనుషులను చూస్తాడు, నాకంటే మెత్తనివాడు. "నీకు ఆస్మాన్ నుంచి ఫరిష్తా దిగొచ్చి సలాం చెప్పినా సంచిల ఏమున్నది చూపియ్యమంటవ్" అని వెక్కిరిస్తాడు. అంటాను మరి, ఎందుకనను?

కోరుట్లలో మా అమ్మీ బీడీలు చేసేది. ఇంట్లో ఉర్దూ, చాట ఒళ్లో పెట్టుకుని వాకిట్లో కూర్చుంటే తెలుగు. వాడలోని ఆడవాళ్లంతా అక్కడే చేరేవారు కాబట్టి నాకు రెండు భాషలూ కలిసే వచ్చాయి. పొద్దుగూకే ముందు కార్ఖానాకు బీడీలు అప్పజెప్పడానికి పోతుంటే అమ్మీ బురఖా కొస పట్టుకుని నేనూ పోయేదాన్ని. అక్కడ బీడీలు చూసి తీసుకునే ఆయన ఒకాయన ఉండేవాడు. "ఏమమ్మా, మంచిగున్నరా" అని నవ్వుతూనే కట్టలు విప్పి, బాగున్నవాటిని కూడా బాగాలేవని పక్కకు పారేసేవాడు. ఆయన ఎంత నవ్వితే అన్ని ఎక్కువ పారేసేవాడు. వరుసలో ముందు నిలబడ్డ ఆడవాళ్లు వెనకవాళ్లకు కంటితో ఏదో చెప్పుకునేవారు. ఇవాళ ఆయన మనసు ఎట్లా ఉందో లోపలికి పోకముందే అందరికీ తెలిసిపోయేది. నా అనుమానపు బుద్ధికి అదే బడి.

పెళ్లయి సిరిసిల్లకు వచ్చాక పక్కింటావిడే నాకు దిక్కయింది. నాకంటే పెద్దది. నేను అక్కా అంటాను, ఆమె నన్ను చెల్లె అంటుంది. ఇదంతా ఆమె సంగతే. వాళ్లింటి వెనక రేకుల షెడ్డులో సాంచాలుండేవి. మరమగ్గాలను మా ఊళ్లో అట్లాగే అంటారు. అవి నడుస్తుంటే చెవి దగ్గర అరిచినా వినబడదు. అందుకని సాంచాల మధ్య పుట్టి పెరిగినవాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. ఆకలైందన్నా, బిడ్డ బడి నుంచి వచ్చిందన్నా, సాయంత్రం ఏం వండుతున్నావన్నా అన్నీ సైగలే. నేను దారం కండెలకు చుట్టడానికి ఆ షెడ్డుకు పోతుంటే అక్క నాకు ఒక్కొక్కటీ నేర్పింది. అన్నిటికంటే ముందు నేర్పింది రెండు పిడికిళ్లు దగ్గరికి తెచ్చి చటుక్కున విడదీయడం. దారం తెగింది, ఉన్నపళంగా ఆపు అని అర్థం. "గిది చూసినంక ఎందుకు, ఏమిటి అని అడుగొద్దు. ముందుగాల ఆపాలె, మల్ల అడగాలె" అంది.

తర్వాత ఆ సాంచాలు మూతబడ్డాయి. ఇద్దరం కుట్టు నేర్చుకుని బట్టలు కుట్టే యూనిట్‌లో చేరాం. పొడుగాటి హాలు, వరుసల వెనక వరుసలు మిషన్లు. సాంచాలంత చప్పుడు కాదు గానీ ఈ వరుస మాట ఆ వరుసకు వినబడదు. ఫోన్లు గేటు దగ్గరే పెట్టించుకుంటారు. మాట్లాడితే సూపర్‌వైజర్ ఊరుకోడు. ఇంకేముంది, సాంచాల సైగలన్నీ మిషన్ల మీదికి వచ్చేశాయి. సూది విరిగిందని, కింది దారం అయిపోయిందని, ఈ ముక్క తేడాగా ఉంది ముందుకు పంపొద్దని, ఎవరి దగ్గర పని పేరుకుపోతే వాళ్లకు సాయం పొమ్మని, అన్నీ చేతులతోనే. సూపర్‌వైజర్లు పని తాము నడిపిస్తున్నామనుకునేవారు. నడిపించేది చేతులు.

వాటిల్లో ఒక రకం సైగ ఉంది. దాన్ని గుర్తు అంటాం. పైవాడు వస్తున్నాడని హెచ్చరించే సైగ. ఒక్కో సూపర్‌వైజర్‌కు ఒక్కో గుర్తు. ఒకాయన నిమిషానికోసారి ప్యాంటు పైకి లాక్కునేవాడు, ఆయన గుర్తు నడుం దగ్గర చెయ్యి. ఇంకొకాయన ఛాయ్ కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి గానీ తాగేవాడు కాదు, ఆయన గుర్తు ముక్కు కింద వేలు. తలుపు దగ్గర కూర్చున్నామె చేస్తే చాలు, వరుస నుంచి వరుసకు పోయి ఆయన లోపలికి వచ్చేసరికి చివరి మిషన్ దాకా తెలిసిపోయేది. సూపర్‌వైజర్లందరూ బయటి నుంచి వచ్చిన మగవాళ్లే. కొత్తవాడు వచ్చిన రోజే, అన్నాలు తినే వేళకు వాడి గుర్తు తయారై ఉండేది. తయారుచేసేది ఎవరనుకున్నారు? మా అక్క! మనిషిని ఇట్టే చూసి, వాడి లోపల ఏముందో పట్టి ఒక్క సైగలో పెట్టేది. మేం డబ్బాలు మూసి పడీపడీ నవ్వేవాళ్లం.

నిరుడు ఛాయ్ వాసన చూసే ఆయన వెళ్లిపోయాడు. యూనిట్ యజమాని, మా సేటు, హాల్లోకి వచ్చి, ఈసారి మీలోంచే ఒకరిని పెట్టి చూద్దామన్నాడు. అక్కను పిలిచాడు. బడి పిల్లల యూనిఫాం ఆర్డరు అయ్యేదాకా చూస్తానన్నాడు. అప్పటికి లైను సక్కగా నడిస్తే ఆమెనే ఖాయం చేస్తాడు, లేకపోతే మళ్లీ బయటి నుంచి మగమనిషిని తెస్తాడు. ఆ మాట ఆయన నవ్వుతూ అన్నాడు. నాకు నచ్చలేదు.

అక్కకు మాత్రం అది బతుకు మీది ఆశ. ఆ రోజు ఇంటికి నడుస్తూ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చెల్లె, గిది పోతే మల్ల గా మిషన్ మీద కూసోలేను. అందరి ముంగట లేసిపోయి మల్లొచ్చి కూసునుడంటే సచ్చినట్టే" అంది. నాకూ భయమేసింది. ఆమె ఓడిపోతే ఆమె ఒక్కతే ఓడిపోదు. ఆడోళ్లతోని కాదని చెప్పినం కదా అంటారు, ఇంక మాలో ఎవరినీ ఆ కుర్చీ దగ్గరికి రానివ్వరు. అందుకే హాలంతా ఆమె గెలవాలని కోరుకుంది. నా మీద ఒట్టు, అందరూ కోరుకున్నారు.

మొదట్లో ఎంత బాగా నడిపిందో! కుర్చీలో కూర్చునేదే కాదు. ఎవరికి కుట్టు పడకపోతే వాళ్ల పక్కన పీట వేసుకుని చూపించేది. సైగ చేస్తే సైగతోనే జవాబిచ్చేది. లైను నీళ్లలా పోయింది.

అప్పుడే సేటు ఆమెను జగిత్యాలలో ట్రైనింగ్‌కు పంపాడు. లీడర్‌షిప్ ట్రైనింగట. ఒక్కతే పోవడానికి జంకి, సేటును అడిగి నన్నూ తీసుకుపోయింది. వేములవాడ మీదుగా బస్సులో పోయాం. చల్లటి ఏసీ హాలు, కుర్చీలకు తెల్ల గుడ్డలు, టై కట్టుకున్న సారు, గోడ మీద బొమ్మలు. ఒక బొమ్మ చూపించి ఏం కనబడుతోందని అడిగాడు. ఒకరు చెట్టన్నారు, ఒకరు మనిషి మొహమన్నారు. "చూశారా, బొమ్మ ఒకటే, మీ చూపు వేరు. పనిచేసే చోట కూడా నాయకుడి చూపును బట్టే మనుషులు తయారవుతారు" అన్నాడు. అది బాగానే ఉంది, నాకూ నచ్చింది. కానీ ఆయన అక్కడ ఆగలేదు. మనుషుల నోటిని కాదు, ఒంటిని చదవాలట. చేతులు, కళ్లు, భుజాలు ఏం చెబుతున్నాయో కనిపెట్టాలట. మీరు లేనప్పుడు మీ గురించి ఏమనుకుంటున్నారో తెలిసినవాడే అసలు లీడరట. అంటూ నవ్వాడు. చక్కటి పళ్లు. అక్క ముందుకు వంగి వింటోంది. నా కళ్లు మాత్రం సారు చేతుల మీదికి పోయాయి.

తిరుగు బస్సులో అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. వరినాట్లు వేస్తున్నారు. నా వైపు తిరగకుండానే అడిగింది.

"చెల్లె, నా గుర్తేంది?"

"ఏం గుర్తు?"

"నేనస్తున్ననంటే ఏం చేస్తున్నరు? యాడ చెయ్యి వెడ్తున్నరు?"

నాకు నవ్వొచ్చింది. "నీకేం గుర్తు లేదక్కా."

"గట్లనా" అంది. ఆమె కూడా నవ్వింది. కానీ ఆ నవ్వు నాకు తెలిసిన నవ్వు కాదు. "గంతమందికి గుర్తులు పుట్టిచ్చినదాన్ని. నాకు లేకుంటె ఉంటదా? నువ్వు గూడ నాకు దాస్తున్నవా?"

లేదు కాబట్టి లేదన్నాను. అంతకంటే ఏం చెప్పను? లేనిదాన్ని చూపించడం ఎట్లా? వేములవాడలో దిగి సిరిసిల్ల బస్సు కోసం నిలబడినప్పుడు ఇంకోసారి అడిగింది. ఈసారి నవ్వకుండా అడిగింది.

ఆ మర్నాటి నుంచి ఆమె పనిని చూడడం మానేసి చేతులను చూడడం మొదలుపెట్టింది. తలుపులోంచి రావాల్సింది ప్యాకింగ్ గది వైపు నుంచి వచ్చేది. స్తంభం పక్కన ఆగిపోయేది. ఎవరైనా చెవి గోక్కుంటే ఆ చెవి వైపే చూస్తూ ఉండేది. కొప్పు సర్దుకుంటే "ఏందది?" అనేది. కొప్పమ్మా, కొప్పు! ఒకామెకు దద్దుర్లు వచ్చి మెడ మీద పదేపదే గోక్కుంటుంటే, అదే తన గుర్తని తేల్చుకుని పిలిచి గట్టిగా అడిగింది. ఆమె ఏడ్చుకుంటూ మెడ చూపించింది. అయినా అక్కకు నమ్మకం కుదరలేదు.

నిజం చెప్పాలంటే ఈ జబ్బు నాకూ అంటుకుంది. అక్కకు నేను దగ్గరదాన్ని కదా, నిజంగానే గుర్తు ఉండి నా దగ్గర కూడా దాస్తున్నారేమో అనిపించింది. నేనూ చేతులను చూడడం మొదలుపెట్టాను. నేను చూస్తున్నానని వాళ్లు చూశారు. అన్నాల దగ్గర నేను కూర్చోగానే మాటలు తగ్గాయి. తగ్గాయా, నాకే అట్లా అనిపించిందా, ఇప్పటికీ చెప్పలేను.

ఉండబట్టలేక నా ముందు వరుసలో కాలర్లు వేసే ఆమెను పక్కకు లాక్కుపోయి అడిగాను. ఆమెది వీర్నపల్లి. నోరు పెద్దది, మనసులో ఏదీ దాచుకోదు.

"నిజం జెప్పు. అక్కకు గుర్తు పెట్టిన్రా లేదా?"

"పిచ్చిగిట్ల లేసిందా నీకు?" అంది. "గుర్తులు పెట్టేది ఆమెనే. ఆమె అటు పోయినంక ఇగ ఎవ్వలు పెడ్తరు? అయినా మన మనిషొస్తుంటె గుర్తెందుకే? నీ అవ్వ ఇంట్లకొస్తుంటె సైగ చేస్కుంటవా?"

నా గుండె మీది బరువు దిగిపోయింది. సాయంత్రం ఉరుకుతూ పోయి అక్కకు ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. వింటే మెత్తబడుతుందనుకున్నాను. ఆమె కూరగాయలు తరుగుతోంది. కత్తిపీట మీద చెయ్యి ఆగింది.

"గిట్ల జెప్పుమని నిన్ను ఎవ్వలు వంపిన్రు?"

ఒళ్లు మండిపోయింది నాకు. "ఎవ్వలు పంపుతరు నన్ను? నీ కోసమే గదా అడిగొచ్చిన!" అని అరిచాను. ఆమె తల ఎత్తలేదు. చెప్పులేసుకుని వచ్చేశాను. ఇంటికొచ్చాక ఏడ్చాను కూడా.

ఆ వారమే హాల్లో కొత్త రూలు వచ్చింది. కుడుతున్నప్పుడు తప్ప చేతులు గాల్లోకి లేవకూడదు. ఒక ముక్క అయి ఇంకో ముక్క అందుకునే లోపల రెండు చేతులూ మిషన్ మీదే ఉండాలి. ఏదైనా కష్టమొస్తే లేచి తన దగ్గరికి వచ్చి నోటితో చెప్పాలి. చెయ్యి ఊపినవాళ్లను మిషన్ మీది నుంచి లేపి, దారాలు కత్తిరించే బల్ల దగ్గర నిలబెడుతుంది. మొదటి రోజే వెనక వరుసలో ఒకామెను నిలబెట్టింది. ఆమె చేసిన పాపమల్లా సూది విరిగిందని పక్కామెకు చూపించడం.

ఇంక అందరూ భయపడ్డారు. భయపడ్డవాళ్లు ఊరికే ఉంటారా? అక్క తలుపు దగ్గర కనబడగానే మొదటి మిషన్ ఆమె ఠక్కున రెండు అరచేతులూ బల్ల మీద బోర్లించింది. రూలు కదా! అది చూసి వెనకామె బోర్లించింది, ఆమెను చూసి ఇంకొకామె. క్షణం అట్లా పెట్టి మళ్లీ పనిలో పడేవారు. ఒకటి రెండు రోజులు నేనూ భయమే అనుకున్నాను. తర్వాత చూస్తే అక్క హాల్లో లేనప్పుడు ఎవరూ చేతులు పెట్టడం లేదు. వస్తుంటేనే పెడుతున్నారు. తలుపు నుంచి చివరి మిషన్ దాకా, వరుస నుంచి వరుసకు.

అక్కకు గుర్తు పుట్టింది. దాన్ని కూడా ఆమే పుట్టించింది.

ఆమెకు అది కనబడలేదు. చేతులు గాల్లో తిరుగుతాయేమోనని చూసే మనిషికి బల్ల మీద పడుకున్న చేతులు ఎట్లా కనబడతాయి? పైగా ఆమె మొహం వికసించింది. లైనుకు క్రమశిక్షణ వచ్చిందని సేటుకు చెప్పిందట.

అది తెలిశాక నేను మాత్రం ఆ గుర్తు చేయలేదు. మొండితనమే అనుకోండి. అక్క వస్తుంటే చేతులు పెట్టడమంటే ఆమె కూడా ఆ ప్యాంటు లాక్కునేవాడి వరుసలో చేరినట్టే. నా చేతులతో నేనామెను అక్కడికి తోయలేను. ఆమె వస్తుంటే తలొంచుకుని స్లీవ్ సర్దుకుంటూ ఉండిపోయేదాన్ని. దాంతో గుర్తు నా మిషన్ దగ్గర తెగిపోయేది. నా వెనక వరుసకు తెలిసేది కాదు. ఒకరోజు వాళ్లు గుసగుసలాడుతూ దొరికిపోయారు, ఇద్దరు పోయి దారాల బల్ల దగ్గర నిలబడ్డారు.

"నీకేం, ఆమె చెల్లెవు" అంది వీర్నపల్లి ఆమె. "మేము సస్తున్నం. నువ్వు ఎటు దిక్కున్నవో జర చెప్పరాదు?"

ఎటు దిక్కునా లేను. అక్క నన్ను వీళ్ల వైపు దాన్ననుకుంటోంది, వీళ్లు అక్క వైపు దాన్ననుకుంటున్నారు.

ఆదివారం కోరుట్ల పోయాను. అమ్మీ వాకిట్లో పక్కింటి దోస్తుతో కూర్చుని ఉంది. చేతకాక బీడీలు మానేసినా ఆ కూర్చునే చోటు మానలేదు. ఇద్దరికీ అంతా చెప్పాను. అమ్మీ పోక చెక్క బుగ్గన పెట్టుకుని విన్నది.

"గా బీడీలు జూసే ఆయన యాదికున్నడా నీకు? మొదట్ల గాయన మంచోడే" అంది.

"మంచోడా? నవ్వుకుంట పారేస్తుండె గదా!"

"నువ్వు జూసినప్పటికి గట్లయిండు. అంతకు ముందుగాల బీడీలనే జూస్తుండె. మేము ఏదో ముచ్చట పెట్టుకుంట పోదుము, ఆయన రాంగనే గప్‌చుప్ అయితుంటిమి. రోజూ గట్లనే. తన మీదనే ఏదో అంటున్నమని ఆయనకు షక్ అయింది. ఇగ బీడీలు జూసుడు బంద్ జేసి మా మొకాలు జూసుడు షురూ జేసిండు. మేము ఇంకింత గప్‌చుప్. ఆయన ఇంకింత నవ్వుడు." అమ్మీ పక్కకు ఊసింది. "ఎవ్వలు ముందుగాల ఆపాలె? ఎవ్వలు గూడ ఆపలేదు."

ముందు ఆపాలె, మల్ల అడగాలె అన్న అక్క మాట గుర్తొచ్చింది. సాంచాల దగ్గర అంత తెలివిగా చెప్పిన మనిషేనా ఈమె అనిపించింది. ఎట్లాగైనా ఇంకోసారి మాట్లాడదామని నిశ్చయించుకుని బస్సెక్కాను. కానీ మాట్లాడే వీలు చిక్కలేదు. ఆ వారంలోనే యూనిఫాం ఆర్డరు ఇచ్చినవాళ్లు చూడడానికి వస్తున్నారన్నారు. అక్కను ఖాయం చేసేదీ లేనిదీ ఆ రోజే తేలిపోతుంది.

ఆ పొద్దున అక్క కొత్త చీర కట్టుకుంది. సేటు, వచ్చిన పెద్దమనుషులు, పక్కన అక్క. తలుపు తెరుచుకోగానే చేతులు బోర్లపడ్డాయి. గుర్తు నా దాకా వచ్చి ఆగింది. నేను స్లీవ్‌లు అతుకుతున్నాను. చేతిలోకి వచ్చిన చొక్కాను తిప్పి పట్టుకున్నాను. ఒంటి గుడ్డ ఒక నీలం, కాలరూ స్లీవూ ఇంకో నీలం. కటింగ్‌లో రెండు తాన్ల గుడ్డ కలిసిపోయింది. తర్వాతిది చూశాను, అదీ అంతే. ఆ పై కట్టంతా అంతే. వెనక వరుసలో అప్పుడే బొత్తాల దాకా పోతున్నాయి.

ముందు వరుసలో వీర్నపల్లి ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు తిరిగింది. కళ్లు పెద్దవి చేసి చూసింది. ఆమెకు తెలుసు! కాలర్ వేసేటప్పుడే చూసింది. మునుపటి రోజుల్లో అయితే అక్కడే చెయ్యి లేచేది, ఒక్క ముక్క కూడా నా దాకా వచ్చేది కాదు. ఇప్పుడామె చేతులు బల్ల మీద బోర్లించి ఉన్నాయి. రూలు ప్రకారం లేచి అక్క దగ్గరికి పోయి నోటితో చెప్పాలి. పెద్దమనుషుల ముందు లేచి, నీ లైనులో తప్పు జరిగిందని ఎట్లా చెబుతుంది? చెబితే అక్క పరువు పోతుంది, చెప్పకపోతే కాసేపటికి ఆ పెద్దమనుషులే చొక్కా ఎత్తి చూస్తారు. అక్క ఈ వరుస వైపే వాళ్లను తీసుకొస్తోంది. నవ్వుతోంది.

నా చేతులు లేచాయి. రెండు పిడికిళ్లు తల పైకెత్తి, కలిపి, చటుక్కున విడదీశాను.

హాలంతా ఆగిపోయింది. వరుస తర్వాత వరుస, చివరి మిషన్ దాకా. అంత నిశ్శబ్దం ఆ హాల్లో నేనెన్నడూ వినలేదు. సేటు మొహం మాడిపోయింది. "ఏమైంది? ఎవ్వలు ఆపమన్నరు?" అన్నాడు.

అక్క నా పిడికిళ్లను చూసింది. తర్వాత నా ముందున్న చొక్కాను చూసింది. ఎంతైనా అక్క అక్కే. గబగబా వచ్చి చొక్కా అందుకుని తలుపు వెలుగుకు పట్టింది. "గుడ్డ షేడ్ తేడా వచ్చింది సార్. తాన్లు కలిసినయ్. గిసొంటిది ఏది కనవడ్డా లైనంత ఒక్కసారి ఆగాలని నేనే చెప్పి పెట్టిన" అంది. వచ్చినవాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్దాయన తల ఊపి, "ఒక్క సైగకు ఇంతమంది ఆగిన్రంటే లైను మంచి చేతులల్ల ఉన్నట్టే" అన్నాడు. సేటు మొహం విచ్చుకుంది. కట్టలు వెనక్కి పోయాయి, పని మళ్లీ మొదలైంది.

నాకు ఏడుపొచ్చినంత సంతోషమైంది. అక్క గట్టెక్కింది. అంతకంటే ముఖ్యం, ఇప్పుడైనా ఆమెకు తెలిసుంటుంది, చేతులు లేచేది ఆమె కోసమే తప్ప ఆమె మీదికి కాదని. సాయంత్రం గేటు బయట ఆమె కోసం నిలబడ్డాను. వచ్చింది. నా ఎదురుగా ఆగి నెమ్మదిగా అంది.

"ఒక్క చెయ్యి లేపితివి. హాలు హాలంత ఆగింది."

"నువ్వు నేర్పిందే గదక్కా."

"గదే అంటున్న. అందరి చేతులు నీ చేతులనే ఉన్నయన్నట్టు. ఇన్ని దినాలు నన్ను పిచ్చిదాన్ని చేసి ఆడిచ్చినవ్. ఇగ గిప్పుడు గూడ నాకు గుర్తు లేదంటవా?"

ఆమె కొంగు నడుముకు చుట్టుకుని, నన్ను దాటుకుని వెళ్లిపోయింది. ఎప్పుడూ కలిసి నడిచే దారిలో ఆమె ముందు, నేను వెనక. పిలవలేదు నేను. పిలిస్తే ఆ పిలుపుకు కూడా వేరే అర్థం వెతుకుతుందని తెలుసు.

నెల తిరక్కముందే ఆమెను ఖాయం చేశారు. మా హాల్లో మొదటి ఆడ సూపర్‌వైజర్. ఆ రోజు జిలేబీ పంచుతామన్నారు. నేను మిషన్ మీద కూర్చుని స్లీవ్ అతుకుతున్నాను. తలుపు తెరుచుకుంది. సేటు ముందు, పళ్లెం పట్టుకుని అక్క వెనక. మొదటి మిషన్ మీద చేతులు బోర్లపడ్డాయి, తర్వాత వరుస, తర్వాత వీర్నపల్లి ఆమె. అక్క వరుసల మధ్య నడుస్తూ, ఒక్కొక్కరికీ జిలేబీ పెడుతూ, అటూ ఇటూ చూస్తూ వస్తోంది. నా దగ్గరికి వచ్చి ఆగింది. మొహం నిండా నవ్వు.

"సూసినవా? ఇప్పుడు ఒక్కల చెయ్యి గూడ లేస్తలేదు" అంది.

ఔనన్నాను. జిలేబీ అందుకుందామని చూస్తే నా రెండు చేతులూ అప్పటికే మిషన్ మీద బోర్లించి ఉన్నాయి. ఎప్పుడు పెట్టానో నాకే తెలియదు. నన్ను చూసి నా వెనక వరుస కూడా పెట్టేసింది.